మండీ చిట్టా, తొండల చిట్టా

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. ఇరవై ఆరేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. కలాసిపాళ్యంలో కూరగాయల మండీ నడుపుతున్నాను. మా ఒక్కగానొక్క కూతురికి 24 ఏళ్లు. జువాలజీలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ఏడాదిగా ఒక పరిశోధన ప్రాజెక్టులో సహాయకురాలిగా చేరి, ఊరి బయట బండల మీద తొండలను చూస్తూ కూర్చుంటోంది. ఇప్పుడు జంతువుల ప్రవర్తన మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఐదారేళ్లు పడుతుందట. మంచి సంబంధాలు వస్తున్నాయి. అమ్మాయి ఏం చేస్తుందని వాళ్లడిగితే చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. మా బావమరిది అందరి ముందూ, 'తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది, మరి తొండలను చూసే అమ్మాయి ముదిరితే ఏమవుతుందో' అని నవ్వాడు. తొండలను చూస్తే ఎవరికి ఉపయోగం? చివరికి ఉద్యోగం వస్తుందా? బి.ఇడి. చేసి టీచరుగా చేరమంటున్నాను. నేను చెప్పేది తప్పా?
ఒక తండ్రి, బెంగళూరు

జవాబు:

అన్నగారూ,

ముందు మీ బావమరిది సంగతి తేల్చేద్దాం. ఆయన ఎగతాళికి వాడుకున్నాడు గానీ, ఆ సామెతను మొదట అన్న మనిషెవరో తొండ ముందు కాసేపు నిలబడి చూసినవాడే. మన బండల మీద కనిపించే మగ తొండ రంగు మార్చాలంటే ముదరనక్కర్లేదు. ఎదురుగా వచ్చింది ఎవరన్నదాన్ని బట్టి మనం చూస్తుండగానే మారుస్తుంది. ఆడ తొండ ఎదురైతే ఒక రంగుల జత, పోటీకి మరో మగది వస్తే ఇంకో జత. బెంగళూరు జనం టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే భారతీయ విజ్ఞాన సంస్థలో దీన్ని కొలిచి 2017లో ప్రచురించారు. ఆడదాని ముందు రంగులు ఒకదాని పక్కన ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, మగదాని ముందు మార్పు వేగంగా జరుగుతుంది అని తేలింది. మెప్పించాలంటే మెరుపు కావాలి, బెదిరించాలంటే తొందర కావాలి. వచ్చే పెళ్లిలో ఆయన మళ్లీ ఆ సామెత ఎత్తుకుంటే ఈ ముక్క చెప్పండి. పంక్తిలో కూర్చున్నవాళ్లంతా ఆయన్ని వదిలేసి మీవైపు తిరుగుతారు.

అదే సంస్థ నుంచి 2019లో వచ్చిన ఇంకో పని ఉంది. నగర శివార్లలో పెరిగిన తొండలను, పల్లె బండల మీద పెరిగిన తొండలను తెచ్చి, ఒక్కోదానికి దాక్కోవడానికి రెండు చోట్లు చూపించారు. ఒకటి భద్రమైనది, రెండోది కాదు. ఏది భద్రమో శివారు తొండలు తక్కువ తప్పులతో, త్వరగా నేర్చుకున్నాయి. బెంగళూరుకు వచ్చిన కొత్తలో మెజెస్టిక్ బస్టాండులో ఏ ప్లాట్‌ఫారం దేనికో తెలుసుకోవడానికి మీకు ఎన్నాళ్లు పట్టిందో గుర్తు చేసుకోండి. ఊరు మారితే ప్రాణికి నేర్చుకోక తప్పదు. ఏ ప్రాణి నేర్చుకోగలదు, ఏది నేర్చుకోలేక మాయమైపోతుంది అన్నదే అసలు ప్రశ్న. మీ అమ్మాయి బండ పక్కన కూర్చుని చూస్తున్నది కూడా బహుశా ఇలాంటిదే.

మరొకటి. ఇదే జాతి తొండల మీద బెంగళూరు పరిశోధకులు మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల బండల మీద కూడా పనిచేశారు. మీ ఊరి తొండలే. చిన్నప్పుడు మీరు రాళ్లతో కొట్టిన తొండల మునిమనవలు అంతర్జాతీయ పత్రికలకెక్కాయి. (కొట్టలేదని మాత్రం చెప్పకండి. మా ఊళ్లో మేమూ కొట్టాం.)

'చూస్తూ కూర్చుంటోంది' అని రాశారే, ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. మీరు తెల్లవారుజామున మండీకి వెళ్లి ఏం చేస్తారు? లారీ నుంచి దిగిన బాక్సులు, రైతు పేరు, కాయ రకం, పలికిన ధర చిట్టాలో రాస్తారు. రాత్రికి ఆవర్జాలోకి ఎక్కిస్తారు. పక్కన నిలబడి చూసేవాడికి మీరూ అరుస్తూ, రాస్తూ కూర్చున్న మనిషిలాగే కనిపిస్తారు. కానీ ఒక్కరోజు ధర చూసి 'టమాటా ఇక పైకే' అని ఎవడైనా అంటే మీరు నమ్మరు. ముసురు పట్టిన రోజు, పండుగ ముందు రోజు, లారీలు ఆగిన రోజు వేరువేరుగా లెక్కేస్తారు. మీ అమ్మాయి పుస్తకంలోనూ ఇవే గళ్లు ఉంటాయి. ఏ తొండ, ఎన్ని గంటలకు, ఎంత ఎండలో, పక్కన ఎవరు, ఎన్నిసార్లు తల ఊపింది, ఎంత దూరం పరుగెత్తింది. తల్లిదండ్రుల వృత్తి పిల్లలకు రాదంటారు గానీ, చిట్టా రాసే ఓపిక మాత్రం మీ ఇంటి నుంచే వెళ్లిందని నా అనుమానం.

ఆ గళ్లు సరిగా గీసుకోకపోతే ఏమవుతుందో నేను అనుభవించి చెబుతున్నాను. బెంగళూరులో నీళ్ల ట్యాంకుల కింద, పెద్ద భవనాల చూరులకు వేలాడే కొండతేనె పట్లు చూశారుగా, వాటి మీదే నా పీహెచ్‌డీ. మొదటి రెండు నెలలు మెడ పట్టేసేలా తలెత్తి, ఎన్ని ఈగలు బయటికి వెళ్తున్నాయో లెక్కపెట్టాను. మూడో నెలలో మా గురువుగారు పుస్తకం తిరగేసి, 'మబ్బు పట్టిన రోజులు ఏవి?' అని అడిగారు. నేను రాసుకోలేదు. రెండు నెలల లెక్క చెత్తబుట్టలోకి పోయింది. ఆ రాత్రి హాస్టల్లో ఏడ్చి, బి.ఇడి. దరఖాస్తు తెప్పించుకున్నాను. అందుకే మీ సలహా నాకు కొత్తగా అనిపించలేదు.

ఈ పనికి పెద్ద పరికరాలు కావాలని, విదేశాలకు వెళ్లాలని కూడా చాలామంది అనుకుంటారు. టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనే రాఘవేంద్ర గదగ్కర్ గారు అణుజీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత జీవితమంతా కందిరీగలకు ఇచ్చేశారు. మన కిటికీ మూలల్లో కాగితం లాంటి గూడు కట్టే మామూలు కందిరీగ అది. ఒక్కో ఈగ వీపు మీద రంగు చుక్కలు పెట్టి, గూటి ముందు కూర్చుని ఎవరు ఎవరిని కొరుకుతున్నారో, ఎవరు తిండి తెస్తున్నారో రాసుకోవడమే పని. ఆ గూటిలో రాణి పరమ సాధువు, ఎవరి జోలికీ పోదు. ఆమెను తీసేయగానే ఒక పనికత్తె ఉగ్రరూపం ఎత్తుతుంది. రాణిని తిరిగి తెచ్చి పెట్టకపోతే, వారం రోజుల్లో ఆ పనికత్తే గుడ్లు పెట్టే రాణి అయిపోతుంది. మిగతావి కిక్కురుమనవు. అంటే తర్వాత పట్టం ఎవరిదో ఈగలకు ముందే తెలుసు. మనుషులకు మాత్రం, ఎంత చూసినా, రాణి ఉన్నన్నాళ్లూ ఆ వారసురాలు ఎవరో పసిగట్టడం సాధ్యం కాలేదు. ఈగలకు తెలుసన్న సంగతి నిరూపించడానికి వాళ్లు గూటిని రెండుగా కోసి మధ్యన తీగజాలీ పెట్టి, రాణిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చి చూశారు. ఖర్చు జాలీకి, రంగుడబ్బాకు. 2008లో ఆ పరిశోధన చేసిన విద్యార్థిని అనిందితా భద్ర గారు ఇప్పుడు కోల్‌కతాలో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన పరిశోధన సంస్థలో ఆచార్యులు. వీధికుక్కల ప్రవర్తన మీద దేశమంతా గుర్తించిన పని ఆమెది. కందిరీగ నుంచి కుక్కకు మారినా చిట్టా రాసే పద్ధతి మారదు.

మనవాళ్లు ఈ దారిలో నడవలేదనీ అనుకోకండి. హాల్డేన్ అనే మహా శాస్త్రవేత్త 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేసినప్పుడు, ద్రోణంరాజు కృష్ణారావు గారనే తెలుగు యువకుడు ఆయన దగ్గర చేరారు. ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు లంటానా పువ్వు మీద వాలుతుందో ఓపిగ్గా లెక్కపెట్టి, 1960లో నేచర్ పత్రికలో ప్రచురించారు. కంచెల మీద పిచ్చిగా పెరిగే లంటానా, ఒక పుస్తకం, ఒక పెన్సిలు.

ఉపయోగం ఎవరికి అన్నారు. ఇక్కడ మీకు తీపి మాటలు చెప్పను. తొండల మీద పీహెచ్‌డీ వల్ల టమాటా ధర పెరగదు, రోగానికి మందు రాదు. వస్తుందని చెప్పే పరిశోధకులుంటారు, డబ్బిచ్చేవాళ్ల ముందు అలా చెప్పాల్సి వస్తుంది. ఉపయోగం చాలాసార్లు ఆలస్యంగా, అడ్డదారిలో వస్తుంది. మీకు దగ్గరి ఉదాహరణ కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న పిట్ట అది. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టుకున్నది శాస్త్రవేత్త కాదు, పిట్టలను ఎరిగిన స్థానికుడు ఐతన్న. దాని కోసం లంకమల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. రాత్రిపూట, ముళ్లపొదల మధ్య ఏ చోట తిరుగుతుందో తెలిసిన కళ్లు లేకపోతే ఏ ముక్కను కాపాడాలో ప్రభుత్వానికి మాత్రం ఎలా తెలుస్తుంది? బండలు పగలగొట్టి కంకర చేసేసే బెంగళూరు శివార్లలో, ఏ బండ మీద ఎవరున్నారో రాసి పెట్టే మనిషి కూడా ఒకరుండాలి కదా.

ఇక డబ్బు. మీరు నేరుగా అడగడానికి మొహమాటపడ్డారు గానీ ఉత్తరమంతా అదే వినిపిస్తోంది. సి.ఎస్.ఐ.ఆర్. నెట్ అనే జాతీయ పరీక్షలో జె.ఆర్.ఎఫ్., అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే భృతి, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత సమీక్షలో పాసైతే 42,000. 2023 నుంచి అమల్లో ఉన్న రేట్లివి. హాస్టలు లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. ఆ పరీక్షకున్న వయోపరిమితిలో స్త్రీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. పీహెచ్‌డీలో చేరడానికి పనికొచ్చే గేట్ పరీక్షలో జీవావరణం, పరిణామం అని ప్రత్యేక పేపరే ఉంది. భారతీయ విజ్ఞాన సంస్థలో 1983లో మాధవ్ గాడ్గిల్ గారు మొదలుపెట్టిన జీవావరణ విజ్ఞాన కేంద్రం, హెబ్బాళ దాటాక జి.కె.వి.కె. ఆవరణలో ఉన్న జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్.సి.బి.ఎస్., జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రం, పర్యావరణం మీద పనిచేసే ఏట్రీ... ఈ రంగంలో దేశానికే పెద్ద దిక్కయిన చోట్లు ఇంత దగ్గర దగ్గరగా ఇంకే ఊళ్లోనూ లేవనే నా నమ్మకం. మీ అమ్మాయి ఇల్లు వదలకుండానే అన్నిటికీ దరఖాస్తు చేసుకోవచ్చు. సొంత రాష్ట్రం వైపు చూస్తే తిరుపతి ఐసర్‌లోనూ పక్షుల మీద, ఉడతల మీద పనిచేసేవాళ్లున్నారు.

ఆ డబ్బు నెలనెలా ఒకటో తేదీన వస్తుందనుకోకండి. నాకు ఒకసారి ఐదు నెలలు రాలేదు. మెస్సు బిల్లుకు గాజులు తాకట్టు పెట్టాను. మీరు ఇవ్వగలిగిన సాయం ఇక్కడే ఉంది. ఐదారు నెలల ఖర్చుకు సరిపడా ఆమె పేరున వేసి ఉంచండి. మండీలో సీజను లేనప్పుడు మీరు చేసే పనే.

పీహెచ్‌డీ తర్వాత మరో రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఐదేళ్లు, ఇంకో ప్రయోగశాలలో తాత్కాలికంగా పనిచేయాలి. స్థిరమైన పరిశోధన ఉద్యోగం చేతికొచ్చేసరికి ముప్పై ఐదు దాటవచ్చు. అసలు రాకపోనూవచ్చు. నాతో పాటు చేరినవాళ్లలో ఎక్కువమందికి ఆ కుర్చీ దొరకలేదు. కానీ రోడ్డున పడ్డవాళ్లు కూడా లేరు. ఒకాయన సివిల్స్‌తో పాటు జరిగే అటవీ సర్వీసు పరీక్ష రాసి అడవి అధికారి అయ్యాడు, జువాలజీ డిగ్రీ ఉన్నవాళ్లు దానికి అర్హులే. ఒకామె సాఫ్ట్‌వేరు కంపెనీలో గణాంకాలు చూస్తుంది, పిచ్చుకల లెక్కల కోసం నేర్చుకున్న ప్రోగ్రామింగుతోనే. ఇంకొకరు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. కాబట్టి మీ అమ్మాయిని గణాంకశాస్త్రం మాత్రం గట్టిగా పట్టుకోమనండి. తొండ మీద ఇష్టం ఉన్నవాళ్లు చాలామంది వస్తారు, లెక్క రాక ఆగిపోతారు.

బి.ఇడి. తప్పు కాదు. రెండేళ్ల చదువు, ముప్పై ఏళ్లకైనా చేయొచ్చు. ఎర్రటి ఎండలో బండ మీద కూర్చునే ఒళ్లు మాత్రం ఇప్పుడున్నట్టు అప్పుడుండదు.

అయితే నేను మీకు చెప్పదలచుకున్న అసలు మాట వేరే ఉంది. ఈ పనికి సరిపోని పిల్లలు మూడు నెలల్లో తెలిసిపోతారు. అడవి ఫొటోలు చూసి వచ్చినవాళ్లు, రోజుకు ఆరు గంటలు తొండ ఏమీ చేయకుండా పడుకోవడం చూశాక ఏదో ఒక కారణం చెప్పి వెళ్లిపోతారు. మీ అమ్మాయి ఏడాది చేసింది. మార్చి, ఏప్రిల్ ఎండలు చూసింది. ఆ తర్వాత కూడా అదే కావాలంటోంది. మీరు పెట్టాలనుకున్న పరీక్ష అయిపోయింది, ఆమె పాసైంది. మీరిప్పుడు బుర్ర పెట్టాల్సింది ఆమె ఎవరి దగ్గర చేరుతుందన్న విషయం మీద. సంబంధం చూసేటప్పుడు ఇంటి గోడలు కాదు, పక్కింటివాళ్ల మాట వింటాం కదా. ఇక్కడా అంతే. ఆ గురువు దగ్గర చదివి బయటికి వెళ్లినవాళ్లను, ముఖ్యంగా మధ్యలో మానేసినవాళ్లను మీ అమ్మాయి ఫోను చేసి అడగాలి. ఎన్నేళ్లు పట్టింది, రాసిన వ్యాసంలో విద్యార్థి పేరు ముందుందా, ఒంట్లో బాగాలేకపోతే సెలవిచ్చారా అని. పేరుమోసిన శాస్త్రవేత్త దగ్గర ఎనిమిదేళ్లు మగ్గిన పిల్లలను చూశాను. పేరు లేని గురువు దగ్గర ఐదేళ్లలో హాయిగా ముగించుకున్నవాళ్లనూ చూశాను.

ఆడపిల్ల ఒంటరిగా కొండల మీద అన్న భయం మీకుంటుంది, ఉండాలి కూడా. ఒంటరిగా వెళ్లకూడదన్నది మంచి ప్రయోగశాలల్లో నియమమే. ఎవరు తోడు వెళ్తారు, రాత్రి బస ఎక్కడ, పాముకాటు మందు ఉన్న ఆసుపత్రి ఎంత దూరం, బండి ఉందా అని చేరేముందే అడగమనండి. అభయారణ్యంలోకి వెళ్లి పరిశోధన చేయాలంటే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఆ కాగితం లేకుండా పంపే గురువు దగ్గర చేరనే వద్దు. మలెనాడు వైపు పని పడితే పిడుదుల ద్వారా సోకే క్యాసనూరు జ్వరం గురించి ముందే తెలుసుకోవాలి, 1957లో శివమొగ్గ ప్రాంతంలో బయటపడ్డ జబ్బు అది. ఇక మనుషుల వల్ల ఇబ్బంది వస్తే, 2013 చట్టం ప్రకారం ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో మొదటి వారంలోనే పేర్లు రాసి పెట్టుకోమనండి.

పెళ్లి గురించి నేను పెద్దగా చెప్పను. మీ అమ్మాయిని అడిగారా? ఉత్తరంలో బావమరిది ఏమన్నాడో ఉంది, అబ్బాయి తరఫువాళ్లు ఏమడిగారో ఉంది, ఆమె ఏమందో లేదు. పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి చేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఏడాదికి నాలుగు నెలలు కొండల్లో ఉంటుందని ముందే చెబితే, సరిపడని సంబంధం దానంతటదే తప్పుకుంటుంది. నా విషయంలో మా నాన్న మొహమాటపడి, బంధువులందరికీ నేను 'ప్రభుత్వ తేనె శాఖలో' ఉన్నానని చెప్పాడు. అలాంటి శాఖ లేదు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు తేనె చవగ్గా ఇప్పిస్తారా అని అడిగేవారు. చివరికి ఒకాయన మాత్రం ఈగలు దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయని అడిగాడు, ఆయన్నే చేసుకున్నాను. మా నాన్న పోయేదాకా ఆ తేనె శాఖను రద్దు చేయలేదు.

మీరు శాఖలు పుట్టించనక్కర్లేదు. ఎవరైనా అడిగితే జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేస్తోందని చెప్పండి. చెప్పగలగాలంటే ఒక్కసారైనా చూడాలి కాబట్టి, ఈ నెలలో ఒకరోజు ఆమెతో వెళ్లండి. తొండలు ఎండెక్కాకే బయటికి వస్తాయి, మండీ పని ముగించుకుని వెళ్లినా సరిపోతుంది. టోపీ, రెండు సీసాల నీళ్లు, మెరవని రంగు చొక్కా. ఆమె కూర్చోమన్న చోట కూర్చోండి, వద్దన్నంతసేపు మాట్లాడకండి, ఫోను కట్టేయండి. మధ్యాహ్నం నీడన డబ్బా విప్పినప్పుడు ఆ పుస్తకం తీసుకుని, ఏ గడి దేనికో అడగండి.